నూనె రాసిన ఒర

కెనడాలోని మిస్సిసాగాలో బ్యాంకుల డబ్బు మోసే వ్యానులో గార్డుగా చేరాక నడుముకి తుపాకీ తప్పలేదు. దాన్ని పెట్టుకునే ఒర మాత్రం తోలుదో, గట్టి ప్లాస్టిక్‌దో మా ఇష్టం. తోలుదైతే ఒంటికి హాయిగా ఉంటుందని అదే తీసుకున్నాను. బిరుసు తోలు, నడుమంతా ఒరుసుకుపోయింది. కొత్త చెప్పులు కరిస్తే ఏం చేస్తామో అదే చేశాను. వారం రోజులు కొబ్బరినూనె పట్టించాను. చక్కగా మెత్తబడింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కాలేజీలు మన పిల్లలతో కిక్కిరిసిపోయిన రోజులవి. ఏ ఏటీఎం దగ్గర చూసినా క్యూ. వాళ్ళని తప్పుకోమంటూ, ఒరుసుకుంటూ, డబ్బు పెట్టెలు మోసి మోసి కాళ్ళు పడిపోయేవి.

ఒకరోజు డ్యూటీ ఎక్కేముందు, మా సీనియర్, కాకినాడ ఆయన, నా ఒర చేతిలోకి తీసుకుని వాసన చూశారు.

"ఏం రాశావయ్యా దీనికి?"

"కొబ్బరినూనె అంకుల్. కరుస్తోందని."

ఆయన ఖాళీ తుపాకీని అందులోకి దించారు. మెత్తబడ్డ అంచు లోపలికి మడతపడి ట్రిగ్గర్‌కి అడ్డంపడింది. ఇంకాస్త నొక్కారు. టక్‌మంది.

"లోడ్ చేసి ఉంటే? నీ తొడ సంగతి సరే. నీ పక్కన క్యూలో ఉన్న పిల్లల మాటేంటి?"

ఆ రోజే ప్లాస్టిక్ ఒరకి మారాను. అది వంగదు, మడతపడదు, ట్రిగ్గర్‌ని కప్పి అలాగే నిలుస్తుంది. ఉద్యోగం మానేసేదాకా కరుస్తూనే ఉంది. రోజూ ఇంటికొచ్చి కూలబడి, కొబ్బరినూనె నా నడుముకి రాసుకునేవాణ్ణి.