వదిన ఎండబెట్టిన బ్యాటరీ

క్వార్టర్ ఖాళీ చేయాల్సిన రోజు దగ్గరపడుతోందని బీరువా పై అర సర్దుతుంటే, పాత చీర ముక్కలో చుట్టిపెట్టిన మా చిన్న డిజిటల్ కెమెరా చేతికి తగిలింది. ఒకప్పుడు వెండిరంగులో మెరిసిపోయేది, ఇప్పుడు మూలమూలలా కిరండూల్ ఎర్రదుమ్ము పట్టేసింది. ఇనుపరాయి దుమ్ము కదా, ఈ ఊళ్ళో ఉతికిన దుప్పట్లోనూ ఉంటుంది, పోపులడబ్బాలోనూ ఉంటుంది, కెమెరాని మాత్రం ఎందుకు వదులుతుంది? చార్జర్ కూడా పక్కనే దొరకడంతో సర్దడం ఆపేసి బ్యాటరీని ప్లగ్గులో పెట్టి కూర్చున్నాను. పెట్టెలు కట్టే వేళ ఇదేం పని అని మావారు విసుక్కోబోయి, ఆ బ్యాటరీ ఎవరి కోసం వచ్చిందో గుర్తొచ్చి ఊరుకున్నారు.

సెల్‌ఫోన్‌లో తీసిన ఫొటోలో ఎవరు ఎవరో పోల్చుకోలేని రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. అప్పట్లో మా క్వార్టర్ల లైను మొత్తానికీ కెమెరా మాదొక్కటే కావడంతో సీమంతమైనా, బారసాలైనా నాకే పిలుపు వచ్చేది. స్టూడియో అతని ముందు బిగుసుకుపోయే ఆడవాళ్ళు నా ముందు హాయిగా నవ్వేవారు, నేనూ అదేదో నా గొప్పే అన్నట్టు బడాయి పోయేదాన్ని. అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం వీడ్కోలు ఫొటో. గని ఉద్యోగులకిచ్చే ఈ క్వార్టర్లలో రిటైరైనవాళ్ళు తాళాలు అప్పగించి వెళ్ళిపోవాల్సిందే కాబట్టి, ఎవరు వెళ్తున్నా ఆ ఇంటి గుమ్మం ముందు లైన్లోని ఆడవాళ్ళమంతా నిలబడి ఫొటో దిగడం మాకొక ఆచారమైపోయింది.

పక్కింటి వదినది ఈ ప్రాంతమే, గొల్లపల్లి దగ్గరి పల్లె. నేను కోస్తా నుంచి కొత్తకాపురానికి వచ్చి, హిందీ ముక్క రాక కూరలమ్మే ఆవిడతో సైగలు చేస్తుంటే, అటు ఇక్కడివాళ్ళ హల్బీ భాషలోనూ ఇటు తెలుగులోనూ మాట్లాడి నన్ను ఒడ్డున పడేసింది ఆవిడే. అందరి వీడ్కోలు ఫొటోల్లోనూ ఒక పక్కన నిలబడి నవ్విన ఆ వదినకి చివరికి తన వంతు వచ్చింది. వాళ్ళాయన రిటైరయ్యాక సొంత పల్లెకే వెళ్తున్నారు గాని, అక్కడ ఆవిడ తనవాళ్ళనుకునే మనుషులు ఎవరూ మిగల్లేదు.

"ఆడ నన్ను ఎరిగినోళ్ళు ఎవరున్నరమ్మా? వీళ్ళే నా మనుషులని చూపెట్టుకోను ఒక్క ఫొటో ఉండాలె" అనేది.

అప్పటికే మా బ్యాటరీ ముసలిదైపోయింది, ఎంతసేపు చార్జింగు పెట్టినా ఒకటి రెండు ఫొటోలకే చేతులెత్తేసేది. ఆ సంగతి వదిన దగ్గర వాపోయాను. మన తరంలో టార్చిలైటు సెల్లులు నీరసిస్తే ఏం చేసేవాళ్ళం? ఎండలో పెట్టేవాళ్ళం, సాయంత్రానికి మళ్ళీ కాస్త వెలుగు వచ్చేది. నేను బజారుకి వెళ్ళినప్పుడు వదిన అదే మంత్రం వేసింది. మా బ్యాటరీని తీసుకెళ్ళి పెరట్లో గుమ్మడి వడియాల పక్కన, మండే వేసవి ఎండలో పెట్టింది. నేను వచ్చేసరికి అది పూరీలా ఉబ్బి కూర్చుంది, ఇక కెమెరాలో పట్టనంటే పట్టలేదు.

వదిన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఏందమ్మా ఇట్లైంది? నా ఫొటో నేనే ఖరాబు చేసుకుంటిని" అంది. నాకు కోపం రావాలి, రాలేదు. వడియాలతో సమానంగా చూసుకుంది పాపం అని నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ మోడలే రావడం ఆగిపోయిందని, బ్యాటరీ దొరకదని ఇక్కడి దుకాణాల్లోనూ, దంతెవాడలోనూ చెప్పేశారు. ఇక మిగిలింది మా ఊరి పద్ధతి. మందుబిళ్ళలు కావాలన్నా, మిక్సీ బ్లేడు కావాలన్నా జగదల్‌పూర్ బస్సు కండక్టరుకి చెబితే చాలు, ఆయనే ఎక్కడో వెతికి తెచ్చిపెట్టేవాడు. బ్యాటరీ మీది నంబరు రాసి, ఎందుకు కావాలో చెప్పి, కెమెరా కూడా ఆయన చేతికే ఇచ్చాం. రోజూ బస్సు వచ్చేది, రోజూ ఆయన తల అడ్డంగా ఊపేవాడు.

వెళ్ళే రోజు రానే వచ్చింది. సామాన్ల లారీ పొద్దున్నే కదిలింది. లైన్లోని ఆడవాళ్ళమంతా మంచి చీరలు కట్టుకుని వదిన గుమ్మం ముందు చేరాం గాని, ఫొటో మాట ఎవరూ ఎత్తలేదు. వదిన తన మల్లెతీగకి ఆఖరిసారి నీళ్ళు పోస్తోంది. జగదల్‌పూర్ నుంచి వచ్చి వెనక్కి తిరిగే బస్సులోనే వాళ్ళు ఎక్కాలి, అది లైను చివర ఆగేది టీ తాగేంత సేపు. ఆ బస్సు దిగి కండక్టరు మా కెమెరా పట్టుకుని గబగబా మా వైపే నడిచి వచ్చాడు.

"దీదీ, బ్యాటరీ మిల్ గయీ. దుకాన్‌వాలే నే ఫుల్ చార్జ్ కర్‌కే దీ హై."

బ్యాటరీ దొరకడం ఒక ఎత్తు, దుకాణదారు దాన్ని నిండుగా చార్జింగు పెట్టి పంపడం ఒక ఎత్తు. కొత్త బ్యాటరీని ప్లగ్గులో పెట్టుకుని కూర్చునే వ్యవధి మాకు లేదని ఆలోచించిన ఆ మనిషి ముఖం నేను ఈనాటికీ చూడలేదు. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఎప్పట్లాగే నేను కెమెరా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. వదిన ఒప్పుకోలేదు. "నువ్వు లేని ఫొటో నాకెందుకమ్మా?" అంది. చివరికి కెమెరా కండక్టరు చేతికే వెళ్ళింది. అటు డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు, ఇటు మేం ఒకరినొకరం సర్దుకుంటూనే ఉన్నాం.

వదిన పోయి చాలా కాలమైంది. మేం ప్రింటు వేయించి పంపిన ఆ ఫొటో వాళ్ళింట్లో దేవుడి పటాల పక్కనే ఉండేదట, ఎవరొచ్చినా "మా లైనోళ్ళు" అని చూపించేదట.

ఇప్పుడు మా వంతు. పక్కింటి కొత్త కోడలు "ఆంటీ, నా ఫోన్లో ఎన్నంటే అన్ని తీస్తాను" అంటోంది. మంచి పిల్ల, తీస్తుంది కూడా. కానీ ఒక్క ఫొటో కోసం ఊరూరా ఇంతమంది చేయి వేయాల్సిన అవసరం ఇక రాదు, ఆ అవసరం లేకపోవడం వల్లనేమో ఇప్పుడు లైన్లో ఎవరికి ఎవరు ఏమవుతారో కూడా సరిగ్గా తెలియడం లేదు.

చార్జింగు అయిన బ్యాటరీ వేయగానే కెమెరా వెలిగింది. చిన్న తెర మీద మేమంతా కనిపించాం, ఒక మూల కండక్టరు బొటనవేలు, మధ్యలో నా చేయి గట్టిగా పట్టుకున్న వదిన. కళ్ళారా చూసుకునేలోపే తెర నల్లబడింది. ఫలితం ఉండదని తెలిసీ బ్యాటరీ తీసి కిటికీ గట్టు మీద ఎండ పొడలో పెట్టాను. మావారు అటుగా వచ్చి చూసి, దాని మీద నీడ వేస్తున్న కర్టెను పక్కకి జరిపారు.