వదిన నాటిన నాలుగో నిమ్మచెట్టు

మా వదిన ముత్తమ్మ ఈ కార్తీకం మొదటి వారంలో కన్నుమూసింది. కబురు వచ్చేటప్పటికి నేను కోంటాలో బ్యాంకు వరుసలో నిలబడి ఉన్నాను. పింఛను తీసుకునేవాళ్లం ఏటా ఒకసారి వెళ్లి, ఇంకా బతికే ఉన్నామని సంతకం పెట్టి రావాలి. ఫోనులో మా అన్న నర్సయ్య "తమ్మీ, మీ వదిన పోయింది" అన్నాడు. నేను వరుసలోంచి కదల్లేదు. నా వంతు వచ్చింది, సంతకం పెట్టాను, బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ఎర్రబోరు జీపు ఎప్పుడు ఎక్కానో, ఎవరి పక్కన కూర్చున్నానో గుర్తు లేదు.

మన ప్రాంతపు తెలుగువాళ్ల సంచికకు ఆమె గురించి నాలుగు మాటలు రాయమన్నారు. ఇటువంటి వ్యాసాల్లో దివంగతుల విద్వత్తు, పదవులు, సత్కారాలు వరసగా వస్తాయి. మా వదినకు అక్షరం ముక్క రాదు. పదవి లేదు. ఇంట్లో తెలుగు, ఇరుగుపొరుగు గిరిజనులతో దోర్లి, సంతలో హల్బీ, ఆఫీసుల్లో హిందీ మాట్లాడేది గానీ, దాన్ని ఎవరూ పాండిత్యం అనరు. ఆమె చేసిన పనుల్లో నేను సాక్షిగా నిలిచి చెప్పగలిగింది ఒక్కటే. తన జీవితంలో నాలుగు నిమ్మచెట్లు నాటింది. నాకూ వయసు మీద పడింది, పెద్ద పెద్ద విశేషణాలు వెతికే ఓపిక లేదు. ఆ నాలుగు చెట్ల సంగతే రాస్తాను.

మొదటి చెట్టు కిష్టారం అవతల మా పాత ఊళ్లో. అక్కడ కొత్తిల్లు వేసుకున్న ఏడాది, సంతలో కొన్న నిమ్మకాయ గింజలను బూడిదలో పొర్లించి పగిలిన కుండలో నాటింది. మొక్క నడుమెత్తు పెరిగేసరికి రెండు వైపుల తుపాకుల భయానికి ఊరు ఖాళీ అయింది. ఆ రోజుల సంగతి ఇక్కడి పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. అందరూ గిన్నెలూ వడ్ల మూటలూ కోళ్లూ సర్దుకుంటుంటే, వదిన రెండు బిందెల నీళ్లు తెచ్చి మొక్క మొదట్లో పోసింది. అన్న గట్టిగా అరిచాడు. "ఎవలూ లేని ఊర్ల దానికి మళ్ల ఎవలు పోస్తరు?" అన్నది వదిన.

రెండోది మా ఊరివాళ్లను ఉంచిన రోడ్డు పక్క శిబిరంలో, రేకుల షెడ్డు ముందు, నూనె డబ్బాలో. షెడ్ల వరసను ఇంకో చోటికి మార్చమన్నప్పుడు డబ్బాను లేపబోతే లేవలేదు. అడుగు తుప్పు పట్టి, వేళ్లు నేలలోకి దిగిపోయాయి. అక్కడే వదిలేశారు. మూడోది రాష్ట్రం సరిహద్దుకు అవతల, కూలికి పోయిన మిరపచేను గట్టున. దానికి తొలి మొగ్గ పడుతుండగా ఆసామి ఆ చేను అమ్మేశాడు. కొన్నవాళ్లు గుడిసె తీసేయమన్నారు. మరుసటేడు ఆ చెట్టు విరగకాసిందని, కొత్త ఆసామి ఇంట్లో పచ్చడి పెట్టుకున్నారని ఎవరో చెబితే, వదిన చేటలోని బియ్యం ఏరుతూనే "తిననీ. కాసింది గద" అన్నది. ఏరిన ఆ బియ్యాన్నే ఆ పూట ఇంకో రెండుసార్లు ఏరింది.

ఇన్నిసార్లు వదిలేసి వచ్చాక మళ్లీ మళ్లీ ఎందుకు పెడతావని నేనే ఒకసారి విసుక్కున్నాను. "ఉన్న కాడ ఒక చెట్టన్న పెట్టకపోతే మనం ఉన్నట్టు ఎవలికి ఎర్క, మర్దీ?" అన్నది. మళ్లీ తనే, "నేను పెట్టిన చెట్టు కాయ నేను పిండుకొని తినాలె. ఒక్కటి. అంతకంటె నాకేం గావాలె" అన్నది. ఆమె ఇంకేదీ అడగగా నేను వినలేదు.

అన్నావదినలు చివరికి ఎర్రబోరు దగ్గర చిన్న జాగాలో ఇల్లు వేసుకున్నారు. నేను వ్యవసాయ శాఖలో గ్రామసేవక్‌గా పనిచేసి అప్పుడే దిగిపోయాను. కోంటాలో ఉంటాను. ఉద్యోగమంతా పరాయి రైతులకు సలహాలు చెప్పి, సొంత వదినకు ఒక చెట్టు కాయించలేకపోతే ఏం బతుకని, జగదల్‌పూర్ నర్సరీ నుంచి అంటుమొక్క తెచ్చాను.

"ఇది గింజ మొక్క కాదు వదినా, అంటు. మూడో ఏటికి కాయ గ్యారంటీ."

"రాసిస్తవా?"

"రాసిస్తా."

"నాకు సదువు రాదనే రాసిస్తనంటున్నవ్" అని నవ్వింది.

మోకాటి లోతు గొయ్యి తీయించాను. పశువుల ఎరువు, వేపపిండి మట్టిలో కలిపించాను. నీళ్లు మొదలుకు తగలకూడదు, మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, దాని వెలుపల పాదు చెయ్యాలి, కొమ్మలు విస్తరించిన కొద్దీ పాదు కూడా వెడల్పు చేస్తూ పోవాలి అని చెప్పాను. అన్నీ పొల్లు పోకుండా చేసింది. మేకలు రాకుండా తుమ్మకంప నాటింది. ఆకులకు గజ్జి మచ్చలు వస్తే ఆ కొమ్మలు కోసి కాల్చేయమన్నాను. కోసింది, కానీ కోసే ముందు ప్రతి కొమ్మనూ తడిమి "జరంత ఓర్సుకో" అనేది.

పురుగుల సంగతి ఒకటి చెప్పాలి. నిమ్మ లేతాకులకు పచ్చపురుగు పడుతుంది. చిన్నప్పుడు చూస్తే పిట్ట రెట్ట అనుకుంటాం, నాలుగు రోజుల్లో వేలంత అయి చిగుళ్లన్నీ ఊడ్చేస్తుంది. నేను మందు సీసా తెచ్చిచ్చాను. నెల తర్వాత వెళ్లి చూస్తే సీసా మూత కూడా తీయలేదు, చెట్టు మీద పురుగూ లేదు. పొద్దున్నే ఒక్కొక్కటీ ఏరి మోదుగాకు దొన్నెలో వేసుకుని, రోడ్డు దాటి, అక్కడి మారేడు చెట్టు మీద వదిలి వస్తోందట. ఆ పురుగు మారేడాకు కూడా తింటుందని ఆమెకు ఎవరు చెప్పారో, నా శాఖ మాత్రం చెప్పలేదు. "అవి గూడ తినాలె గద" అన్నది నా మొహం చూసి.

మూడో ఏడు వచ్చింది, పూత లేదు. నాలుగు, ఐదు, ఆరు. చెట్టు చూరు దాటి పెరిగింది, ఆకు నల్లటి పచ్చదనంతో నిగనిగలాడుతోంది, పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. "మా మర్ది పుస్తకంల చెట్లు మస్తు కాస్తయి" అని ఊరంతా చెప్పి నవ్వించేది. నేనూ నవ్వేవాణ్ణి గానీ లోపల మండేది. ఎందుకంటే తప్పెక్కడుందో నాకు తెలుసు. ఆమె ఏడాది పొడవునా, చలికాలం సహా, రోజూ రెండు బిందెలు పోసేది. అంత సుఖంగా ఉన్న నిమ్మ పూత వైపు పోదు. ఆకు మీద ఆకు వేస్తూ కూర్చుంటుంది. పుష్యమాఘాల్లో నెల రోజులు నీళ్లు ఆపి వాడబెట్టాలి. ఆకు వాలి, కొంత రాలాక, పాదు తవ్వి, ఎరువు వేసి నీళ్లిస్తే మూడు వారాల్లో చెట్టంతా పూస్తుంది. ఈ సంగతి ఆమెకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

"ఎండబెడితె కాస్తదా? మనిషినైతె అట్ల జేస్తవా?"

"చెట్టు మనిషి కాదు వదినా."

"నీకు ఎండుడు అంటే ఎర్కలేదు. నేను ఎండిన. నా చేతనైతె గాదు."

ఈ జగడం ప్రతి చలికాలం జరిగేది. ప్రతిసారీ ఆమే గెలిచేది.

పోయిన పుష్యమాసంలో ఆమె కాళ్లు వాచాయి, మొహం ఉబ్బింది. మూత్రపిండాలు పాడయ్యాయన్నారు. భద్రాచలం తీసుకెళ్లి దవాఖానలో చేర్చాం. అన్న అక్కడే ఉండిపోయాడు. బయలుదేరిన రోజు వదిన జీపు ఎక్కుతూ ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి, "మర్దీ, చెట్టుకు నీళ్లు" అన్నది. సరే అన్నాను.

నేను పోయలేదు.

మరచిపోయి కాదు. ఇంతకు మించిన అవకాశం రాదనుకున్నాను. రోజు విడిచి రోజు కోంటా నుంచి బస్సులో వెళ్లి, తాళం తీసి, చెట్టును చూసి వచ్చేవాణ్ణి. ఆకు మెల్లగా వాలింది, దోనెలా ముడుచుకుంది. పక్కింటి దోర్ల ఆవిడ ఒకరోజు బిందె పట్టుకుని వచ్చింది. "సారూ, ముత్తక్క చెట్టు సచ్చిపోతది. నేను పోస్త" అన్నది. సర్కారీ దవా వేశాను, నీళ్లు తగిలితే చెడిపోతుందని అబద్ధం చెప్పి పంపేశాను. ఆవిడ పోతూ పోతూ ఒకసారి చెట్టునూ ఒకసారి నన్నూ చూసింది.

వదిన ఫోను చేసేది. ఒకరోజు ఆమె గొంతు గుర్తుపట్టలేకపోయాను. "డాక్టరు నాకు నీళ్లు బంద్ జేసిండు మర్దీ. పొద్దుమాపు కలిపి ఒక్క చెంబే అని కొలిచి ఇస్తున్రు. నాలిక పిడచ గట్టుక పోతున్నది. దానికన్న కడుపునిండ పొయ్యి."

"పోస్తున్న వదినా" అన్నాను.

అప్పటికి నీళ్లు ఆపి ఇరవై రోజులు. మరునాడు వెళ్లి, చేతిపంపు కొట్టి బిందె నింపి, పాదు దగ్గరికి మోసుకొచ్చి నిలబడ్డాను. ఇంకో పది రోజులు ఓపిక పడితే పూత ఖాయమని నాకు తెలుసు. బిందె తీసుకెళ్లి పక్కింటి ఆవుల తొట్టిలో పోసి, తాళం వేసి, బస్సు ఎక్కాను. నా ఉద్యోగ జీవితంలో నేను చెప్పిన సలహాలన్నిటిలోకీ ఇది కచ్చితంగా సరైనది.

నెల నిండాక పాదు తవ్వి, ఎరువు వేసి నీళ్లిచ్చాను. ఆమె ఇంటికి వచ్చేసరికి చెట్టు నిండా తెల్లటి పూత. తేనెటీగల రొద వాకిట్లోకి వినిపిస్తోంది. అన్న భుజం పట్టుకుని నిలబడి చాలాసేపు చూసింది. ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట, "మా మర్ది చేతి నీళ్లకు పూసింది. నాకు ఏడేండ్లు పూయనిది ఆయన నెలల పూపిచ్చిండు." నేను తల వంచుకుని కూర్చునేవాణ్ణి. వినయం అనుకున్నారు.

పిందె నిలబడింది. తనకు కొలిచి ఇచ్చే నీళ్లు తను తాగుతూ, చెట్టుకు మాత్రం అన్న చేత బిందెలు పోయించింది. శ్రావణంలో ఒక కాయ పసుపు తిరిగింది. నన్ను పిలిపించింది. తనే కోసింది, తనే కత్తిపీట ముందు కూర్చుని రెండు చెక్కలు చేసింది. పప్పన్నం మీద ఒక చెక్క పిండుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలినంతసేపూ కళ్లు మూసుకునే ఉంది. "పులుపుందా వదినా?" అని అడిగాను, ఇంకేం అనాలో తోచక. "నిమ్మకాయ పుల్లగ గాక తియ్యగుంటదా, గ్రామసేవక్?" అన్నది. రెండో చెక్క నా విస్తట్లో పిండింది. అది నేను తిన్నాను.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. రేపు చెబుదాం, ఒళ్లు కుదుటపడ్డాక చెబుదాం అనుకుంటూ మూడు నెలలు గడిపేశాను. ఆ రేపు కార్తీకంతో అయిపోయింది.

పదో రోజు అన్న నన్ను పక్కకు పిలిచాడు. "పోయే ముందు ఒకటే చెప్పింది తమ్మీ. చెట్టుకు నీళ్లు మర్దే పొయ్యాలె, ఇంకెవలూ వద్దు అన్నది" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆమెకు అంతా తెలిసే అలా అన్నదా అని నాకు అనుమానం వచ్చింది. తట్టుకోలేక పక్కింటావిడ దగ్గరికి వెళ్లాను. ఆ చలికాలం సంగతి వదినకు ఎప్పుడైనా చెప్పావా అని అడిగాను.

"చెప్పిన సారూ. దవాఖానకెల్లి వచ్చిన దినమే చెప్పిన."

"ఏమన్నది?"

"ఏడ్చింది. మల్ల, గీ మాట ఎవలకు చెప్పకు, మా మర్ది పరువు పోతది అన్నది."

అంటే, వచ్చినవాళ్లందరి ముందూ నా చేతి నీళ్లను పొగిడిన ప్రతిసారీ ఆమెకు తెలుసు. చెక్క నా విస్తట్లో పిండినప్పుడూ తెలుసు. ఆమె కాపాడిన పరువును ఇక్కడ నేనే తీసేసుకుంటున్నాను. అన్న చదువుతాడు. చదవనీ. ఇటువంటి మనిషి మళ్లీ మా ఇంట పుట్టదని రాస్తే అది వ్యాసాల్లో రాసే మాటలా ఉంటుంది గానీ, నాకు ఇంకో మాట రాదు. ఆమెకు నేను చేయగల నమస్కారం ఈ నిజమొక్కటే, అదీ ఆలస్యంగా.

మళ్లీ పుష్యమాసం వస్తోంది. ఇప్పుడు నీళ్లు ఆపితేనే చెట్టు పూస్తుంది, ఆ సంగతి ఈ చుట్టుపక్కల నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. రోజూ పొద్దున బస్సులో ఎర్రబోరు వెళ్లి రెండు బిందెలు పోసి వస్తున్నాను. పూయకపోతే పూయకపోనీ, ఆపడం నా చేతనైతే కావడం లేదు.