మాబూబీ ఆటోలో ఖాళీ

దర్శి చుట్టుపక్కల పల్లెల్లో మిరపకోతకు కూలీలు కావాలంటే మాబూబీకి కబురు పెట్టాల్సిందే. చిన్నప్పుడు పలకను చూరులో దోపి కోతకొచ్చిన మనిషి, ఇప్పుడు ముఠాకు మేస్త్రి. వేళ్ల మంట మాత్రం ఇప్పటికీ ఆరలేదు. గొంతు విప్పిందంటే మూడు చేల అవతలి గేదెలు కూడా మేత ఆపి చూస్తాయి.

ఈ ఏడు ఆమె ఆటో సగం ఖాళీగా వచ్చింది. చేనంతా ఎర్రగా పండి ఉంటే రైతు బుల్లయ్యకు ఒళ్లు మండింది.

“కోతకొచ్చే ఆడపిల్లలేరి మాబూబీ?”

“నన్నడుగుతావేం? పోయి ఆ బడినడుగు!” అని ఆమె కయ్యిమని లేచింది. “గవర్నమెంటోళ్లు డబ్బులెక్కువై ఆ బడికి పోశారు. ఫ్యాన్లంట, అన్నంలోకి గుడ్డంట, గొళ్లెం పడే బాత్రూములంట! ఇదివరకు పెద్దమనిషైన పిల్ల బడి మానేసి తిన్నగా నా ఆటో ఎక్కేది. ఇప్పుడు పిలిస్తే ‘పరీక్షలు పెద్దమ్మా’ అని లోపలికి పారిపోతున్నాయి. బూడిదలో పోసిన పన్నీరు కాదటయ్యా అదంతా? ఎవరికన్నా పైసా ఉపయోగముందా?”

“నిజమే, శుద్ధ దండగ” అన్నాడు బుల్లయ్య, చెట్టు మీదే ఎండిపోతున్న కాయలను చూసి. “పోనీ, మీ మనవరాలు నజ్మీన్ ఉందిగా. రేపు దాన్నన్నా తీసుకురా.”

మాబూబీ చేతిలోని గంప దబ్బున కింద పడేసింది.

“బుద్ధుందా నీకు? దానికి బడి లేదూ?”