ఆరని కుర్చీలు

ఆ ఇంటి పెద్దాయన వచ్చినవాళ్లకు టీ ఇవ్వాల్సి వస్తుందనే కుర్చీలకు రోజూ వార్నిష్ వేస్తాడని వీధంతా చెప్పుకునేది. తడి కుర్చీలో ఎవరూ కూర్చోరు, కూర్చోనివాళ్లకు టీ అడిగే మొహం ఉండదు. పిసినారితనంలో ఇంత పనితనం తానెక్కడా చూడలేదని ఎదురింటి గుమాస్తా అందరికీ చెప్పేవాడు.

కుర్చీల మాట మాత్రం నిజం. పెద్దాయన కుర్చీలు చేసే కొట్లో వార్నిష్ మేస్త్రిగా ఉండి పని మానేశాడు గానీ, చెయ్యి మానలేదు. చీపురు పిడి, గరిటె కాడ, గొడుగు కర్ర... ఇంట్లో చెక్క అన్నది ఏదీ ఆయన కుంచెకు చిక్కకుండా పోలేదు. ముందుగది కుర్చీలకైతే పూత మీద పూత పడి కాళ్లు ఏనుగు కాళ్లయ్యాయి. ఆరిన రోజున ఈగ వాలితే జారిపోయేది, తడి రోజున అతుక్కుపోయేది. చివరికి ఈగలు కూడా ఆ ఇంటికి రాకపోకలు మానుకున్నాయి.

కోడలికి ఇదంతా తలవంపులుగా ఉండేది. ఆమె ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ఆయా. తెల్లారాక ఇంటికొచ్చి చెప్పులు ఓ మూల, ఒళ్లు ఓ మూల పడేసేది. ముందుగదికీ ఆమె మంచానికీ మధ్య ఉన్నది పలుచటి చెక్క అడ్డుగోడ. వచ్చేవాళ్ల కబుర్లన్నీ ఆ గోడ దాటి నేరుగా ఆమె దిండు మీద పడేవి. ఆ మధ్య నిద్ర చాలక, రోగిని తోసుకెళ్తూ చక్రాల కుర్చీ వెనక నిలబడే కునికింది. కుర్చీ తన దారిన తాను పోయి గోడకు తగిలింది. రోగికేమీ కాలేదు గానీ, "ఇంకోసారి కునికావంటే పనిలోకి రానక్కర్లేదు" అంది పెద్ద నర్సు. భోజనాల దగ్గర ఆ సంగతి మొగుడితో చెబుతుంటే, మావగారు పక్కనే కూర్చుని కుంచెలో ఊడిన వెంట్రుకలు ఏరుకుంటున్నాడు. విన్నట్టే లేడు. ఆ మర్నాటి నుంచే కుర్చీల పిచ్చి ముదిరింది.

"కూర్చోకండి, తడి" అని గుమ్మంలోనే ఆపేవాడు.

"నిన్ననేగా వేశారు?" అనేవాడు గుమాస్తా.

"నిన్నటిది చెక్క దాహానికి. ఇవాళ్టిది ఒంటికి."

"సరే, నిలబడే చెబుతాను. మా బావమరిది ఏం చేశాడంటే..."

"ష్! గట్టిగా మాట్లాడకండి. తుంపర పడితే పూతంతా పొక్కులొస్తాయి."

పాపం గుమాస్తా బావమరిది గొడవ గుసగుసగా చెప్పుకోవాల్సి వచ్చేది. గుసగుసగా చెబితే ఏ గొడవా రక్తి కట్టదు. సగంలోనే వదిలేసి పోయేవాడు.

"అసలు వార్నిష్ దేనికండీ? మెరవడానికేగా?" అని ఓసారి విసుగ్గా అడిగాడు.

"మెరుపు మీకు. చెక్కకు కావాల్సింది చెమ్మ తగలకుండా, చెద పట్టకుండా ఓ తెర. రంగు వేస్తే చెక్క కనపడకుండా పోతుంది. వార్నిష్ వేస్తే చెక్క చెక్కలాగే ఉంటుంది, ఏదీ దాని జోలికి రాదు."

ఓ పొద్దున మావగారి అక్క ఊడిపడింది. ఆవిడ వీధి ఆ చివర పలకరిస్తే ఈ చివర కుక్క లేచి తోక ఊపేది.

"కూర్చోకక్కా, తడి."

"నీ తడి నాకు చెబుతావురా? చిన్నప్పుడు నీ తడి గుడ్డలు మార్చింది ఎవరు?" అంటూ దబ్బున కూలబడింది.

ఆ చప్పుడుకు కోడలికి మెలకువ వచ్చింది. కళ్లు లేచాయి గానీ ఒళ్లు లేవలేదు. కాసేపటికి ఎలాగో దాన్నీ లేపుకుని తలుపు సందులోంచి చూసింది.

"పొద్దెక్కినా కోడలు లేవలేదూ? రాజభోగం! పిలువు, టీ పెడుతుంది."

"మెల్లగా అక్కా."

"ఏం, కుర్చీకి చెవులున్నాయా?"

"కుర్చీకి లేవు. పిల్లకున్నాయి. రాత్రంతా నిలబడి వచ్చింది, పడుకోనీ."

ఆవిడ కాస్త తగ్గింది. "ఆ ముక్క వచ్చినవాళ్లతో చెప్పొచ్చుగా? ఈ వేషాలెందుకు?"

"చెబితే, కోడలు పగలంతా నిద్రపోతుందని నలుగురూ ఆ పిల్ల మీద పడతారు. నన్ను పిసినారి అంటే నాకేం ఊడింది?"

"మరి ఈ కంపులో దానికి నిద్రెలా పడుతుందిరా?"

"వాసన చప్పుడు చెయ్యదక్కా."

ఆవిడ లేవబోయింది. కుర్చీ కూడా లేచింది. కేక పెట్టడానికి నోరు తెరిచి, అడ్డుగోడ వైపు చూసి, మూసుకుంది. ఆయన టర్పెంటైన్ గుడ్డతో చీర విడిపిస్తున్నంతసేపూ, తమ్ముణ్ణి తిట్టాల్సిన తిట్లన్నీ వంగి చెవిలో గుసగుసగా తిట్టింది.

కోడలు కొంగు నోట్లో కుక్కుకుని మంచం మీద వాలింది. నవ్వు పూర్తికాకముందే నిద్ర పట్టేసింది. ఆ రాత్రి ఆసుపత్రిలో చక్రాల కుర్చీ తిన్నగా నడిచింది.

వీధివాళ్లు పట్టించుకోని సంగతి ఒకటుంది. కోడలికి సెలవైన రోజున ఆ ఇంట్లో కుర్చీలన్నీ ఆరే ఉండేవి. వచ్చినవాళ్లందరికీ టీ పెద్దాయనే పెట్టేవాడు.