అవ్వ లాగని చెయ్యి

ఇరవై ఏళ్ళ కిందటి మాట. కొత్తగూడెం వెళ్ళే బస్సు టేకులపల్లి దాటాక సడన్ బ్రేకు వేసింది. తొమ్మిది నెలల పాప నా ఒళ్ళోంచి జారి ముందు సీటు కడ్డీకి కొట్టుకుంది. ఏడుపు తగ్గినా కుడిచెయ్యి మాత్రం లేపడం లేదు.

"చెయ్యి జారినట్టుంది. అవ్వకియ్యమ్మా, ఒక్క గుంజుడుకు సక్కగ జేస్తది," అంది వెనక సీటామె.

అవ్వ అంటే నా పక్క సీట్లో ఉన్న ముసలామె. వాళ్ళ ఊళ్ళో పసిపిల్లలకు నూనె రాసి, కాళ్ళూ చేతులూ సాగదీసి నీళ్ళు పోసేది ఆమేనట. ఆశగా పాపను ఆమె ముందుకు జరిపాను.

అవ్వ తన వేలు పాప అరచేతిలో పెట్టి చూసింది. పాప పట్టుకోలేదు. మోచెయ్యి ఉబ్బుతోంది.

"నేను గుంజను బిడ్డా. జల్దీ దవాఖానకు తీస్కపో."

"గదేంది అవ్వా? మా మనుమనికి గుంజినవ్ గద, మంచిగనే అయింది!" అంది వెనకామె. చుట్టూ ఉన్నవాళ్ళూ గుంజమనే అన్నారు.

"అవ్, అయింది. గది వాని అదృష్టం, నా పనితనం గాదు."

భుజం మీది తువ్వాలు తీసి, వంగిన చేతిని వంగినట్టే పాప ఛాతీకి ఆనించి కట్టింది. కట్టాక కూడా ఆ మోచేతి కింద తన అరచెయ్యి తియ్యలేదు. కండక్టరు ఆమె ఊరి పేరు పిలిచినా అవ్వ దిగలేదు. "పోనియ్యి," అంది.

దవాఖానలో డాక్టరు ముందుగా అడిగింది ఒకటే: "ఎవరైనా లాగారా?"

లేదన్నాను. ఎక్స్‌రేలో మోచేతి దగ్గర ఎముక చిట్లి కనిపించింది. లాగి ఉంటే పక్కకు జరిగేదన్నారు.

బస్సు నిండా లాగమన్నవాళ్ళే. లాగడం వచ్చిన మనిషి మాత్రం తువ్వాలు మాకే వదిలేసి, వెనక్కి వెళ్ళే బస్సు వెతుక్కుంటూ పోయింది.