చింతపండు ఎండిన విమానాశ్రయం

విమానమంటే తమిళనాడులో ఉన్న మా ధర్మపురిలో తల పైకెత్తి చూసేదే తప్ప ఎక్కేది కాదనుకునే కాలమది. ఎనభైలు. ఆకాశంలో చప్పుడు వినపడితే సంతలో బేరాలు ఒక్క క్షణం ఆగేవి. అది మబ్బుల్లో కలిసిపోయాక జనం మళ్ళీ వంకాయల దగ్గరికి వచ్చేవాళ్ళు. అలాంటి ఊళ్ళో, ఇరవై రెండేళ్ళ వయసులో, నేను ఒక విమానాశ్రయానికి పెద్దదిక్కులా తిరిగానంటే ఇప్పుడు నా పిల్లలు నమ్మరు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. అప్పటికి నేను విమానాశ్రయమనేదాన్ని దూరం నుంచి కూడా చూసి ఎరగను.

సంగతేమిటంటే, పక్క రాష్ట్రంలోని ఒక పెద్ద ఊళ్ళో విమానాశ్రయానికి ఏటేటా జనం పెరిగిపోయి, పాత హాలు పండగ ముందురోజు మా బస్టాండులా కిక్కిరిసిపోతోందని, దాని పక్కనే ఇంకా పెద్ద హాలు కడుతున్నారు. ఆ కొత్త హాలు నేలకు కావలసిన గ్రానైటు పలకలు కోసి, నునుపు పట్టి పంపే పని మా ముదలాళికి వచ్చింది. (ముదలాళి అంటే యజమాని. మా ఇళ్ళల్లో అంతా తెలుగే మాట్లాడుకుంటాం కానీ, యజమాని మాత్రం మాకు ఎప్పుడూ అరవంలోనే ఉంటాడు.) నేను పాలిటెక్నిక్ ముగించి ఆయన దగ్గర కొలతలు చూసే పనిలో చేరి అప్పటికి ఆరు నెలలు. పలకలు లారీ ఎక్కించే ముందు, అక్కడ ఏ వరుసలో పరుస్తారో అదే వరుసలో ఇక్కడ ఒకసారి నేలమీద పేర్చి చూపించాలనీ, అక్కడి ఇంజనీరు వచ్చి చూసి సరేనన్న తర్వాతే పంపాలనీ ఒప్పందం. అంత జాగా మా రాళ్ళ డిపోలో లేదు. అందుకని ముదలాళి పెన్నాగరం రోడ్డు పక్కన, వేరుసెనగ పంట తీసేసిన చేను ఒకటి మాట్లాడి, చదును చేయించి, ఇసుక పోయించాడు. పదిహేను రోజులు తిరిగేసరికి ఆ ఎర్రమట్టి మధ్య లేత బూడిదరంగు నేల ఒకటి అద్దంలా పరుచుకుంది. ప్లానులో ఉన్న గోడలు, తలుపులు, కౌంటర్లు ఎక్కడెక్కడ వస్తాయో దానిమీద సుద్దతో గీతలు గీసింది నేనే. ఇంజనీరు పలకలు వద్దని వెనక్కి తిప్పితే తన పరువూ, నా ఉద్యోగమూ ఒకే బండిలో పోతాయని ముదలాళి నాకు రోజుకొకసారి గుర్తుచేసేవాడు.

రోడ్డు పక్కనే కావడంతో మొదట బస్సుల్లోంచి తలలు బయటికి వచ్చాయి. తర్వాత మనుషులే దిగడం మొదలుపెట్టారు. ధర్మపురికి ఏరోప్లేను స్టాండు వచ్చిందని పాపిరెడ్డిపట్టి దాకా మాట పాకింది. వచ్చినవాళ్ళకు ఇది నేల మాత్రమేననీ, త్వరలో లారీల్లో వెళ్ళిపోతుందనీ చెప్పడం నా ధర్మం. మొదటి రోజు చెప్పాను కూడా. వాళ్ళ మొహాలు ఎంత చిన్నబోయాయంటే, రెండో రోజు నుంచి నాకు చెప్పబుద్ధి కాలేదు. చెప్పులు విడిచి రమ్మని (పలకల మీద గీతలు పడకుండా, మా మర్యాద పెరిగేలా) ఒక్కొక్క చోటూ చూపించసాగాను. నాకు తెలిసిన ప్రయాణమల్లా బస్సు ప్రయాణమే కనుక, మా బస్టాండునే కాస్త కడిగి, తుడిచి, ఇంగ్లీషు పేర్లు పెట్టి అక్కడ నిలబెట్టాను. ఇక్కడ టిక్కెట్టు కోయించుకోవాలి, ఇక్కడ మూటలు ఇస్తే విమానం పైన కడతారు, ఇక్కడ కండక్టరు వచ్చి కేకేస్తాడు అని చెప్పేవాణ్ణి. ప్లానులో ఒక చోట కోడిగుడ్డు ఆకారంలో పొడుగ్గా ఒక గీత తిరిగి వచ్చి కలుస్తుంది. అదేమిటో నాకు ఎంతకీ అంతుపట్టలేదు. తెలియదని చెప్పడం ఆ వయసులో చేతకాక, అది భోజనాల బంతి అని తేల్చేశాను. వడ్డించేవాడు లోపలికి ఎట్లా పోతాడని వత్తల్‌మలై నుంచి వచ్చిన ఒక పెద్దాయన అడిగితే, దాటుకుని పోతాడన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, సాంబారు బకెట్టుతో కష్టమేనని తలూపాడు.

ఇక మా మేనత్త సంగతి. ఆమె ఇంట్లోనే నా తిండీ, నిద్రా. శివరాత్రి దాటి ఎండలు ముదిరాయి, చింతపండు ఒలిచి ఎండబెట్టే రోజులు. ఒక ఉదయం ఆమె నా నేలను ఆ చివర నుంచి ఈ చివరకు చూసి మెల్లగా అంది.

“అబ్బయ్యా, ఇంత బాగుండే నేల ఊరికే ఎండతా ఉండాదే. దాంతోపాటు మా చింతపండు గూడా ఎండితే నీ ఏరోప్లేను ఏమన్నా అలిగిపోతాదా?”

మూడు పూటలా పెట్టే చేతికి కాదని చెప్పగలిగినవాడు లోకంలో ఉంటే ఉండవచ్చు, నేను కాదు. ఇంజనీరు వచ్చేది సోమవారం. ఆదివారం సాయంత్రానికి ఎత్తేసి కడిగేయాలని మాట తీసుకుని, హాలు మూలన రెండు చాపల మేర ఇచ్చాను. చాపలు ఏవని అడగడం మరిచిపోయాను. ఆమె వేయడం మరిచిపోయింది.

శనివారం మధ్యాహ్నం పెన్నాగరం బస్సులోంచి జనం దిగారు. వాళ్ళతో పాటు నలిగిన చొక్కా, చేతిసంచీ, తలంతా దుమ్ముతో ఒక నడివయసు ఆయన కూడా దిగి, చెప్పులు విడిచి అందరి వెనకాల నిలబడ్డాడు. ఆ రోజు నేను మంచి ఊపులో ఉన్నాను. నోటితో చెప్తే చాలదని, వచ్చిన ఇరవై మందినీ సుద్ద కౌంటరు ముందు వరసగా నిలబెట్టి, టిక్కెట్లు కోసినట్టు చేతులు ఆడించాను. ఆయన కూడా బుద్ధిగా వరసలో నిలబడి తన వంతు వచ్చాక ఎక్కడికి టిక్కెట్టు ఇస్తారని అడిగాడు. ఢిల్లీకి ఇచ్చాను. ఆ గుడ్డు గీత ఏమిటని అడిగాడు. భోజనాల బంతి అన్నాను. ఆయన తల వంచి, దగ్గు వచ్చినట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత మూలకు నడిచి, చింతపండు దగ్గర ఆగాడు.

“మరి ఇది దేనికండీ?”

నేను నోరు తెరిచేలోగా, పక్కనే కూర్చుని గింజలు ఏరుతున్న మా అత్త తలెత్తింది. “అది ఏరోప్లేనులో పోయేది కాదు సామీ. మాదే.”

ఆయన నవ్వాడు. నవ్వుతూనే చేతిసంచీలోంచి చుట్టిన కాగితం ఒకటి తీసి నేలమీద పరిచాడు. అది నా దగ్గరున్న ప్లానే. దాని కింద చేసిన సంతకం, ఆరు నెలలుగా నేను రోజూ చూస్తున్న సంతకం. జీపు కృష్ణగిరి దగ్గర ఆగిపోయిందనీ, పని త్వరగా ముగించుకుందామని రెండు రోజులు ముందే బస్సెక్కి వచ్చాననీ ఆయన తీరిగ్గా చెప్తుంటే, నా కాళ్ళకింద అంత గట్టి రాయీ మెత్తబడిపోయింది. ఢిల్లీ టిక్కెట్టు వెనక్కి తీసుకోవచ్చా అన్న ఆలోచన ఒక్కటే బుర్రలో మిగిలింది.

ఆయన చింతపండును పక్కకు జరిపి చూశాడు. పలకల మీద మా ఇంటి గోడకు చెమ్మ పట్టినట్టు నల్లటి మచ్చలు. మా అత్త కొంగుతో తుడిచింది. పోలేదు. బూడిద తెచ్చి రుద్దింది. అప్పుడూ పోలేదు. అంతవరకూ పచ్చగా ఉన్న ఆమె ముఖం వాడిపోవడం చూసి నాకే జాలేసింది. ఆమె లేచి నిలబడి ఆయనతో అన్న మాటలు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

“వాడు వద్దనే అన్నాడు సామీ. నేనే వినకుండా పోసినాను. వాడి పనికి చేటు రానీయొద్దండి.”

నేను వద్దనలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, ఆమె నా కోసం అంత తేలిగ్గా అబద్ధమాడిందన్న సిగ్గే ఎక్కువగా కుట్టింది. పొయ్యమన్నది నేనేనండీ అన్నాను. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత మచ్చల ఊసెత్తకుండా, ఇందాకటి వరసలో జనాన్ని మళ్ళీ నిలబెట్టమన్నాడు. నిలబెట్టాను. ఆయన దూరంగా పోయి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. కౌంటరు దగ్గర మొదలైన వరస హాలును అడ్డంగా కోసుకుంటూ పోయి, దాని తోక సరిగ్గా బయటి తలుపు గీత మీద ముగిసింది.

“ఏమయ్యా, ఇరవై మందికే తలుపు మూసుకుపోయింది. అక్కడ ఒక్కో విమానానికి వందమంది వస్తారు. కాగితం మీద మాకిది తోచనే లేదు,” అన్నాడు.

నా చేతిలోని సుద్దముక్క తీసుకుని, మోకాళ్ళమీద కూర్చుని, కౌంటర్లను పక్క గోడకు జరిపి కొత్త గీతలు గీశాడు. మచ్చపడిన పలకలను ఆ కౌంటర్ల అడుగున వేయమన్నాడు, అక్కడ ఎవరూ చూడరు గనుక. పోయే ముందు గుడ్డు గీత రహస్యం కూడా విప్పాడు. దానిమీద ప్రయాణికుల సంచులు వాటంతట అవే తిరుగుతూ వస్తాయట, ఎవరిది వాళ్ళు తీసుకోవాలట. ఆయన బస్సెక్కేదాకా ఓపిక పట్టి మా అత్త నాతో అంది. “సంచులు తిరగతా ఉంటే పక్కోడు ఎత్తుకొని పోడా? భోజనాలే మేలు గదరా.” నాకూ అలాగే అనిపించింది.

ముదలాళి సేలం నుంచి వచ్చి సగం రోజు నన్ను తిట్టి, కౌంటర్లు జరిపినందుకు రెండు వరసల పలకలు కొత్తగా కోసే పని తగిలిందని తెలిశాక మిగతా సగం రోజు కాఫీ ఇప్పించాడు. వారం తిరిగేసరికి లారీలొచ్చి నేలను ఎత్తుకుపోయాయి. ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు జనం బస్సు దిగి, ఒట్టి చేనును చూసి, ఏరోప్లేను స్టాండు ఏదని అడిగేవాళ్ళు. పోయిందని చెప్పేవాణ్ణి.

ఆ తర్వాత జీవితంలో చాలా విమానాలు ఎక్కాను. మొన్న కూడా ఒకచోట బోర్డులన్నీ చదివి, ఎటు పోవాలో తెలియక, యూనిఫారంలో ఉన్న ఒక అమ్మాయిని అడిగాను. ఆమె తాతగారూ అని పిలిచి వేలితో దారి చూపించింది. అద్దాల తలుపులో నా నెరిసిన తల, మెడలో వేలాడే కళ్ళజోడు కనిపించి ఒక్క క్షణం ఆగాను. ఆ ఇరవై రెండేళ్ళవాడు పక్కన ఉంటే ఎవరినీ అడగనిచ్చేవాడు కాదు. తప్పుదారే చూపించేవాడు, సందేహం లేదు. కానీ ఎంత ధీమాగా చూపించేవాడో, ఎంత సంతోషంగా వాడి వెనకాల నడిచిపోయేవాణ్ణో.