అక్షరం అక్షరంగా చదివిన అన్న

పోయిన ఆదివారం పొద్దున కాలేజీనాటి స్నేహితురాలు ఫోన్ చేసి, "మన ల్యాబ్ అన్న పోయాడే" అంది. "ఇంకెవరికి చెప్పావు?" అని అడిగాను. మా బ్యాచ్‌లో ఎవరికి చెప్పినా చేస్తున్న పని ఆపి కూర్చుంటారని నాకు తెలుసు.

ఆయన మాకు పాఠం చెప్పిన మాస్టారు కాదు. తొంభైలలో మద్రాసులో మేం కంప్యూటర్ సైన్సు బీఎస్సీ చదివిన కాలేజీలో ల్యాబు అటెండరు. తాళాలు, ఏసీ, ఫ్లాపీల పెట్టె, మా చెప్పులు, అన్నీ ఆయన అధీనంలోనే ఉండేవి. దుమ్ముపడితే మిషన్లు పాడవుతాయని చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి వెళ్ళాలి. గంట కొట్టాక మేం బయటికొచ్చేసరికి జతలన్నీ బయటివైపు తిప్పి వరసగా పెట్టి ఉండేవి. కాళ్ళు దూర్చుకుని నడిచిపోవడమే మా పని. అలా చెయ్యమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నేను ఎన్నూరు నుంచి రైల్లో వచ్చేదాన్ని. మా నాన్న అక్కడి థర్మల్ స్టేషన్‌లో బూడిద ఎత్తే పనికి పోయేవాడు. తెలుగు మీడియంలో ప్లస్‌టూ చదివి, ఇంగ్లీషులో చెప్పేది సగం అర్థంకాక, కంప్యూటర్ ముందు కూర్చుంటే ఏసీలో కూడా చెమటలు పట్టే రకం నేను. ఆ చెమట చూసే కాబోలు, ఆయన నా కుర్చీ వెనక ఆగి, "మిషనుకు తొందర లేదు పాపా. నీకేంది తొందర?" అనేవాడు. 

అయినా తొందరపడ్డాను. వైరస్ భయంతో సొంత ఫ్లాపీలు తేనిచ్చేవారు కాదు, పెట్టెలో ఉన్నవే వాడాలి. మొదటి ఏడాది వాళ్ళకు ఫ్లాపీని ఫార్మాట్ చెయ్యడం ఒక ఎక్సర్‌సైజు. పేరు అంటించని ఫ్లాపీ ఒకటి తీసుకుని, పద్ధతి ప్రకారం, మహా శ్రద్ధగా దాన్ని శుభ్రంగా తుడిచిపెట్టాను. అది ఫైనలియర్ అక్కల ప్రాజెక్టు. మద్రాసు ఉక్కకు లేబుల్ ఊడి పెట్టె అడుగున పడి ఉంది. హార్డ్‌డిస్కుల్ని ప్రతి శనివారం ఖాళీ చేసేవారు కాబట్టి ఇంకో కాపీ లేదు. వాళ్ళ వైవాకు వారం గడువు.

సంగతి అర్థమయ్యాక ఫ్లాపీని మళ్ళీ పెట్టెలో పెట్టేసి గమ్మున వెళ్ళిపోదామనుకున్నాను. అబద్ధమెందుకు, చెప్పుల్లో కాళ్ళు కూడా పెట్టేశాను. ఆయన నా మొహం చూశాడు.

"ఏమైంది?"

చెప్పాను. ఒక్క క్షణం ఆయనా గోడకు ఆనుకున్నాడు. తర్వాత, "సరి, రా. మేడం కాడికి పోదాం" అన్నాడు.

"నువ్వే చెప్పన్నా. నాకు భయం."

"నేను చెప్పేది లేదు. నీది నువ్వు చెప్పు. లేబుల్ ఊడింది నేను చూసుకోలా, నాది నేను చెప్తా. పక్కనే ఉంటా, పరవాలేదు."

అన్నట్టే ఉన్నాడు. హెచ్ఓడీ మేడం నన్ను తిట్టారు, ఆయన్ను అంతకంటే ఎక్కువ తిట్టారు. వైవా రోజుకు ఆ ప్రోగ్రాం లేకపోతే నాకు టీసీ ఇచ్చి పంపేస్తామన్నారు. బూడిద గంపల మధ్య నిలబడి "మా పాప కంప్యూటర్ చదువుతా ఉంది" అని చెప్పుకునే మా నాన్న గుర్తొచ్చాడు. 

అక్కల దగ్గర ప్రోగ్రాం ప్రింటవుట్ ఒకటుంది. ముప్పై పేజీలు. వాళ్ళు రిపోర్టు రాసుకోవాలి కాబట్టి ప్రోగ్రాం నేనే మళ్ళీ టైపు చెయ్యాలి. కాగితం చూసి తెర చూసేలోపల నేను వరస తప్పేదాన్ని. "నేను చదువుతా, నువ్వు కొట్టు" అంటూ అన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

మొదటి రోజు నరకం. ఆయన ఒక్కో అక్షరమే చదివేవాడు. సెమికోలన్ వస్తే "చుక్క, కింద కామా" అనేవాడు. మీసం బ్రాకెట్, అదే కర్లీ బ్రాకెట్, వస్తే "కొక్కెం" అనేవాడు, ఏ వైపు కొక్కెమో చెప్పేవాడు కాదు. సాయంత్రం చూస్తే తెర నిండా తప్పులే. నేను కీబోర్డు మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన లేచి ఏసీ ఆపాడు.

మర్నాడు మాత్రం, "సెమికోలన్. కర్లీ బ్రాకెట్ ఓపెన్" అని గట్టిగా, కొంచెం గర్వంగా చదవడం మొదలుపెట్టాడు. ఎలా వచ్చిందని నేను అడగలేదు. నా గొడవ నాది.

మూడోరోజు ఒక విచిత్రం జరిగింది. ఆయన చదవకముందే తరువాతి వరస ఏం వస్తుందో నా చేతులకు తెలిసిపోతోంది. ఏడాదంతా క్లాసులో కూర్చున్నా తలకెక్కనిది, ఎవరిదో ప్రోగ్రాం ఎక్కించుకుంటూ పోతుంటే అర్థమైంది. "ఇంక నేనెందుకప్పా, నువ్వే చదూకో" అని నవ్వాడు గానీ స్టూలు మీద నుంచి లేవలేదు. నాలుగోరోజు ప్రోగ్రాం నడిచింది. అక్కల్లో ఒకామె నాతో ఆ తర్వాత కూడా మాట్లాడలేదు, అది న్యాయమే. నా చదువు మాత్రం నిలబడింది. ఇప్పటికీ ఆ చదువు మీదే బతుకుతున్నాను.

మొన్న చింతాద్రిపేటలో వాళ్ళింటికి వెళ్ళాను. కూతురు నన్ను చూడగానే, "ఎన్నూరక్క మీరే కదా?" అంది. అప్పట్లో ఆ అమ్మాయి ఇంగ్లీషు కాన్వెంటులో ఏడో క్లాసట.

"నాయన ఐదు దాకే చదివినాడు, అదీ తమిళంలో. ఏబీసీడీలు ల్యాబులో కీబోర్డు తుడిచి తుడిచి నేర్చుకున్నాడు. ఒకరోజు పనినించి వచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ గుర్తుకు పేరేంది, ఆ గుర్తుకు పేరేంది అని ఒకటే పోరు. నాకూ తెలీవు. పొద్దున్నే బడికొచ్చి మా టీచర్ని అడిగినాడు. దారంతా ఒప్పజెప్పుకుంటానే పోయినాడు. నేను తప్పుగా చదివినానంటే ఆ పాప చదువు పోతాది అన్నాడు."

ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా వచ్చి అడిగి ఉండాల్సింది. ఆయన చెప్పడు, అడగాల్సింది నేనే.

"టీచరమ్మ ముందర చేతులు కట్టుకుని నిలబడి, మళ్ళా ఒక చెయ్యి తీసి ఇట్ట రాసి చూపించినాడక్కా" అంటూ ఆ అమ్మాయి చూపుడువేలు ఎత్తి, గాలిలో మెల్లగా ఒక మీసం బ్రాకెట్ గీసింది. దాని ఎదురుగా రెండోదీ గీసింది.